సరస్సు దారి మూసిన రోజు

డబ్బా మూత బిగుసుకుపోయింది. ఆమె దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని స్క్రూడ్రైవరు కొనతో చుట్టూ ఎత్తుతూ వచ్చింది. టప్పున ఊడి, బూడిదరంగు పెయింటు వేళ్ళ మీద చిందింది. ఆ వేళ్ళకు ఇన్నేళ్ళూ పసుపు పెయింటే అలవాటు. ఎంత రుద్దినా గోళ్ళ మూలల్లోంచి పోని ఆ పసుపును చూసే, కొండల్లో నడవడానికి వచ్చేవాళ్ళు ఆమెను పసుపక్క అని పిలిచేవారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఊరి చివరి ఇళ్ళ దగ్గర మొదలై, అడవిలోంచి సరస్సు ఒడ్డుకు దిగి, ఒడ్డు వెంటే సాగి, పైన కనుమకు ఎక్కే నడకదారి ఆమెది. పడిన కొమ్మలు లాగెయ్యాలి. బురదైన చోట రాళ్ళు పేర్చాలి. చెట్ల మీద దారి చూపే అరచెయ్యంత పసుపు గుర్తులు వెలిసిపోకముందే దిద్దాలి. ఇవాళ మాత్రం చెరపాలి. వానలకు ఒడ్డు విరిగి దారి సగం నీళ్ళలోకి జారిపోయింది.

"తాడు కడితే దాటి పోతున్నారు, పసుపక్కా," అన్నాడు నిన్న సూపర్‌వైజరు. "గుర్తుంటే జనం కళ్ళు మూసుకుని నడుస్తారు. ఒడ్డు మొదలయ్యే దగ్గర్నుంచి ఒక్కటీ మిగలకూడదు."

"కొత్త దారికి గుర్తులు పెట్టాక చెరిపితే పోదా?"

"ఎవరో ఒకరు మునిగాక చెరుపుదామా?"

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు.

మొదటి చెట్టు ముందు నిలబడి బ్రష్షు ముంచింది. ఈ గుర్తు మొదట వేసింది ఆమె భర్త. ఈ దారి ముందు అతనిదే. మతిమరుపు వచ్చి, అతను రంపం ఎక్కడ పెట్టాడో, ఆ తర్వాత రంపం ఎందుకో కూడా మరిచిపోయాక, ఆ పని ఆమె చేతికి వచ్చింది. అతను మాత్రం దారిని వదల్లేదు. రోజూ ఆమె వెనకే వచ్చేవాడు. ప్రతి గుర్తునూ అరచేత్తో తడిమి, తలెత్తి తర్వాతి గుర్తును వెతుక్కుని, అక్కడిదాకా నడిచేవాడు. ముందుకు వెళ్ళడమే తప్ప వెనక్కి తిరగడం అతనికి తెలియకుండా పోయింది. సాయంత్రం చెయ్యి పట్టుకుని ఆమే తిప్పి ఇంటికి తీసుకొచ్చేది.

పొద్దున ఆమె బూట్లు వేసుకుంటుంటే అతను గుమ్మంలో నిలబడి చూశాడు.

"నేనూ వస్తా."

"ఇవాళ పని లేదండీ. అక్క దగ్గర కూర్చోండి."

అతను ఆమె మొహం చూడలేదు, బూట్ల వంకే చూశాడు. ఆమె గబగబా బయటపడింది. అతని అక్క ఇంట్లోనే ఉంది కదా, ఆవిడ చూసుకుంటుంది. విరిగిన ఒడ్డు మీదికి అతన్ని తీసుకెళ్ళడం ఎలా?

పని తేలిగ్గా సాగింది. దిద్దడానికి ఓపిక కావాలి, అంచులు సరిచూడాలి. చెరపడానికి ఏముంది? రెండు దెబ్బలు అడ్డంగా, రెండు నిలువుగా. ఒక్కో చెట్టూ మిగతా చెట్లలో కలిసిపోయింది. ఒడ్డు తెగిన చోట చెట్ల వేళ్ళు పట్టుకుని పైనుంచి చుట్టి వెళ్ళింది. కనుమ కింద ఇద్దరు ఎదురయ్యారు. ఏటా వచ్చే భార్యాభర్తలు.

"మీ ఆయన కనబడరేం, పసుపక్కా?"

"సెలవిచ్చాను. రిటైరైన మనిషిని రోజూ డ్యూటీకి తిప్పుతున్నానని రేపెవరైనా నామీద కేసు పెడితే?"

వాళ్ళు నవ్వారు. ఆమే వాళ్ళకు జీపు రోడ్డు చూపించి అటు పంపింది. తర్వాత బండ మీద కూర్చుని రొట్టె తింది. పక్కన ఎవరి నోరూ తుడవనక్కర్లేదు. ఎవరూ లేచి ఎటో పోతారని సగం ముద్దలో తలెత్తనక్కర్లేదు. సరస్సు మీద గాలి గీతలు గీస్తోంది. తినడం అయిపోయినా ఆమె లేవలేదు. ఇంత హాయిగా కూర్చుని ఎన్నాళ్ళయిందో. ఆ హాయికి తనకే కాస్త సిగ్గేసింది. అయినా ఇంకాసేపు కూర్చుంది.

చినుకులు మొదలయ్యాక లేచి, చివరి గుర్తు కప్పేసి, జీపు రోడ్డు మీదుగా దిగి, ఆఫీసులో డబ్బా అప్పగించి ఇంటికి చేరింది. అప్పటికి వాన జోరందుకుంది. ఆడపడుచు వాకిట్లోనే ఎదురొచ్చింది.

"తమ్ముడేడీ?"

"నన్నడుగుతావేంటి వదినా? నీ దగ్గరేగా వదిలి వెళ్ళాను!"

"నీతో లేడా?" ఆవిడ ఆమె వెనక దారి వంక చూసింది. "పాలు దించి వచ్చేసరికి తలుపు తీసుంది. నువ్వు అప్పుడేగా వెళ్ళావు, నీ వెనకే వచ్చాడనుకున్నాను. రోజూ వస్తాడుగా..."

ఆమె అడవి వంక తిరిగింది. అంటే పొద్దుటినుంచి అతను తన వెనకే ఉన్నాడు.

"సూపర్‌వైజర్ని పిలుచుకురా," అని, వచ్చిన బూట్లతోనే అడవిలోకి పరుగెత్తింది.

ఇంటినుంచి ఒడ్డుదాకా గుర్తులన్నీ ఉన్నాయి. తడిసి ఇంకా పసుపుగా మెరుస్తున్నాయి. ఒక్కోదాన్నీ దాటుతూ ఆమె అతన్ని పిలిచింది. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

గుర్తులు ఆగిపోయిన చోట, పొద్దున ఆమె మొదట చెరిపిన చెట్టు కింద, అతను కూర్చుని ఉన్నాడు. కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నవాడిలా. ఒంటిమీద పలచని చొక్కా. వేళ్ళనిండా బూడిదరంగు. తల పైన చెట్టు మీద గీతలు గీతలుగా పెయింటు లేచిపోయి, బొటనవేలంత పసుపు బయటపడింది.

ఆమె మొదటిసారి తనతో ఈ దారిలో నడిచిన రోజు అతను ఒక మాట చెప్పాడు. "గుర్తు కనబడకపోతే తెలివి చూపించకు. ఉన్నచోటే కూర్చో. ఎవరో ఒకరు వస్తారు." రంపం మరిచాడు, ఊరు మరిచాడు, ఆమె పేరూ మరిచాడు. ఇది మరవలేదు.

"వచ్చాను. లేవండి, ఇంటికెళ్దాం," అంది ఆమె.

రోజూలాగే చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచులా చల్లబడి, బిగుసుకుపోయి ఉంది. పక్కనే బురదలో కూర్చుని, తన రెయిన్‌కోటు విప్పి అతనికి కప్పింది. మొహం మీద నీళ్ళు తుడిచింది. మళ్ళీ తడిసింది, మళ్ళీ తుడిచింది.

సూపర్‌వైజరూ మరో ఇద్దరూ స్ట్రెచరుతో వచ్చేసరికి వెలుతురు సన్నగిల్లింది. సూపర్‌వైజరు చెట్టు వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"నేను చెప్పకపోయి ఉంటే, అక్కా..."

"చెప్పాల్సిందే చెప్పావు బాబూ." ఆమె స్ట్రెచరు ఒక కొస పట్టుకుంది. "చూసి నడవండి. ఇక్కడ చెట్ల వేళ్ళు కాళ్ళకు తగులుతాయి."

వాళ్ళు అతన్ని ఇంటివైపు తిప్పి మోసుకుపోయారు. చెట్టు మొదట్లో అతని జేబు దువ్వెన పడి ఉంది. రెండు మూడు పళ్ళు విరిగిపోయాయి. మిగిలినవాటి సందుల్లో బూడిదరంగు పెయింటు చిక్కగా ఇరుక్కుపోయి, ఎంత వానకూ కరగలేదు.