అటకగారికి పీపీ కాల్

నేను ఒక ఇనప డబ్బాను. ఇటుకంత ఉంటాను, ఇటుకకన్నా కాస్త బుద్ధిమంతుణ్ణి. నా కడుపులో రెండు డిస్కులు గిర్రున తిరుగుతుంటాయి. ఇంట్లో ఎన్ని కంప్యూటర్లున్నా అందరూ తమ సరుకు నాలో దాచుకోవచ్చు, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబాలు పోయాయని బెంగపడేవాళ్ళు ఒకసారి నన్ను చూసిపొండి.

ఎక్కడ పుట్టానో గుర్తులేదు. తెలివొచ్చేసరికి రాజమండ్రిలో ఒక ఫోటో స్టూడియోలో ఉన్నాను. అక్కడ ఆరేళ్ళు పెళ్ళిళ్ళు మోశాను. అదే జీలకర్రా బెల్లం, అవే అప్పగింతల ఏడుపులు, సరిగ్గా లడ్డూ నోట్లో కుక్కుకున్నప్పుడు ఫోటోకి దొరికిపోయిన ఎవరో ఒక బాబాయిగారు. కొత్త డబ్బా రాగానే నన్ను శుభ్రంగా తుడిచేసి, కాకినాడలో నూకరాజు కంప్యూటర్ల కొట్టుకి అమ్మేశారు. మనుషులంతే, నాకేం కోపం లేదు.

అక్కడ నన్ను కొన్నది హైమావతిగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ట్రంక్ కాల్స్ కలిపి రిటైరైన మనిషి. గొంతు ఖంగుమంటుంది. వాళ్ళ కింది వాటాలో సులోచన అనే అమ్మాయి ఉంటుంది. ఆమెకు చూపు లేదు. చరిత్ర లెక్చరరు పరీక్షకు చదువుతోంది, ఆ పుస్తకాలేమో వినడానికి ఎక్కడా దొరకవు. "నా గొంతు ఊరికే పడుందే, వాడుకో" అని హైమావతిగారు మేడమీద కంప్యూటరు ముందు కూర్చుని పాఠాలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఆ కంప్యూటర్లో చోటెక్కడిది? అందుకని నేను. మెట్ల మలుపులో, వైఫై డబ్బా పక్కన నన్ను కూర్చోబెట్టారు. పైనుంచి ఆవిడ పాఠం నాలో పెట్టేవారు, కిందనుంచి సులోచన తన మాట్లాడే కంప్యూటరుతో తెరిచి వినేది. పదకొండు నెలల్లో రెండువందల పన్నెండు పాఠాలయ్యాయి.

బిగించిన రోజున నూకరాజు "దీనికో పేరెట్టాలండి" అన్నాడు.

"అటక అని పెట్టు. అందరి సామాన్లూ పడేసేది అక్కడేగా" అన్నారావిడ.

పేరైతే పెట్టారు గాని ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఇంట్లో వైఫై మీద బతికే ప్రతి వస్తువుకీ ఒక నంబరుంటుంది. నాది ఏడు. నూకరాజు రెండు కంప్యూటర్లకూ ఆ నంబరే నేర్పి వెళ్ళిపోయాడు.

మహర్నవమి వచ్చింది. కుట్టుమిషనుకీ గ్రైండరుకీ బొట్లు పెట్టి హైమావతిగారు నా దగ్గరికీ వచ్చారు. "ఏడాదంతా చాకిరీ చేసింది, ఇవాళొక్కరోజు పడుకోనీ" అంటూ నన్నూ వైఫై డబ్బానూ ఆపేసి, నుదుట పసుపూ కుంకుమా పెట్టి, నెత్తిన బంతిపువ్వు ఉంచారు. బుద్ధెరిగాక నాకు సెలవిచ్చిన మనిషి ఆవిడే. కళ్ళుంటే చెమర్చేవి.

దశమి పొద్దున్న లేపారు. అప్పుడొచ్చింది చిక్కు. మా నంబర్లు మా సొంతం కావు, వైఫై డబ్బా పంచిపెడుతుంది. నేను ఒళ్ళు విరుచుకునేలోగా ఏడో నంబరును సులోచన వాళ్ళ టీవీ ఎగరేసుకుపోయింది. నాకు పన్నెండు దక్కింది. కంప్యూటర్లు రెండూ పాత నంబరు పట్టుకుని వెళ్ళి టీవీ తలుపు తడుతున్నాయి. టీవీకి పాఠాలేం తెలుసు?

"పిన్నిగారూ, ఒక్క పాఠమూ రావట్లేదండి!" సులోచన మెట్లెక్కి వచ్చింది. పరీక్ష పది రోజుల్లో ఉంది. హైమావతిగారు తన కంప్యూటర్లో చూశారు. అక్కడా లేవు.

"కుంకం లోపలికి పోయిందేమోనే! నా చేతులతో నేనే చేశాను" అని నెత్తి పట్టుకుని నూకరాజుకు ఫోన్ చేశారు.

"ఏం పర్లేదండి. రేపొచ్చి ఫార్మాట్ కొట్టేత్తానండి, కడిగిన ముత్యంలా అయిపోద్ది."

"మరి పాఠాలు?"

"అయ్యి పోతాయండి మరి."

వాడి దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు. ఆ మందు నేను ఒకసారి మింగినవాణ్ణే. పెళ్ళిళ్ళు పోతే పోయాయి, ఈ గొంతు పోకూడదు. ఇక్కడే ఉన్నాను తల్లీ అని అరుద్దామంటే నాకున్నదల్లా ఒక పచ్చదీపం. భయంతో దాన్నే మిణుకుమిణుకుమనిపిస్తూ కూర్చున్నాను.

ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. "పోనీలెండి పిన్నిగారూ, విన్నవన్నీ గుర్తున్నాయిగా" అంది సులోచన. హైమావతిగారు నా దీపాన్నే చూస్తున్నారు. ఎక్స్ఛేంజి బోర్డు మీద ముప్ఫై ఏళ్ళు దీపాలు చూసిన కళ్ళవి.

"ఉండవే. దీపం వెలుగుతోందంటే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మనమే రాంగ్ నంబరు కొడుతున్నాం."

"మరి అసలు నంబరు ఎలా తెలుస్తుందండీ?"

"నంబరెందుకు? పీపీ కాల్ వేద్దాం."

పూర్వం ట్రంక్ కాల్ రెండు రకాలు. నంబరుకు చేస్తే అవతల ఎవరెత్తినా సరే. పీపీ అంటే ఫలానా మనిషే కావాలని పేరు చెప్పి అడగడం. ఆ మనిషి ఎదురింట్లో కూర్చుని కాఫీ తాగుతున్నా సరే, పిలుచుకొచ్చి లైన్లో పెట్టాల్సిందే. ఇదంతా చెబుతూనే ఆవిడ గబగబా మేడెక్కి, కంప్యూటర్లో పాత నంబరు చెరిపేసి, ఒంటివేలితో ఒక్కో అక్షరం కొట్టారు. అటక.

నా జన్మలో మొదటిసారి నన్ను పేరుపెట్టి పిలిచారు. పలకనా మరి?

తెరమీద పాఠాలు బారులు తీరాయి. "ఏదీ, మొదటిది పెట్టండి" అంది సులోచన. పాఠంకన్నా ముందు, పదకొండు నెలల కిందట హైమావతిగారు అలవాటుకొద్దీ అనేసిన "హలో, ట్రంక్స్!" ఖంగున మోగింది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నూకరాజును రావద్దన్నారు.

సులోచన ఇప్పుడు లెక్చరరు. సాయంత్రాలు తనే పాఠాలు చెప్పి, తనలాంటివాళ్ళ కోసం రికార్డు చేస్తుంది. నేను ముసలాణ్ణయ్యాను. డిస్కులు కీచుమంటుంటే నిరుడు కొత్త డబ్బా తెచ్చి, నాలోవన్నీ అందులోకి ఎక్కించారు. "పేరేం పెడదామండీ?" అన్నాడు నూకరాజు. "అటక" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నన్ను మాత్రం అమ్మలేదు. దసరాకి మొదటి బొట్టు ఇప్పటికీ నాకే. పిలిస్తే పలకడానికి ఆ కొత్తవాడున్నాడు, నాకు కరెంటే లేదు. అయినా మెట్లమీద ఎవరైనా ఆ పేరు అన్నప్పుడల్లా, ఒక్క క్షణం నన్నేననుకుంటాను.