పొట్టి రైఫిల్ తిరిగిన వైపు

శనివారం ఉదయం ఏడున్నరకు కొండ వెనక తుపాకీ పేల్చడం నేర్పే రేంజ్ దగ్గర పికప్ ఆపేసరికి నా చేతులు చల్లబడి ఉన్నాయి. అది చలి వల్ల కాదని నాకు తెలుసు. పక్క సీట్లో కెండ్రా వాస్ ఫ్లాస్కు మూత బిగిస్తూ కూర్చుంది.

"మిస్టర్ హాస్కెల్, మీరు రాత్రి నిద్రపోయారా?"

"పోయాను. నువ్వు?"

"నాలుగు నెలల పిల్లతో నిద్రేమిటండీ."

పదిహేనేళ్ళ కిందట కెండ్రా నా జీవశాస్త్రం తరగతిలో కూర్చునేది. ఇప్పుడు అదే బడిలో చిన్నపిల్లల తరగతి చెబుతోంది, అయినా నన్ను 'మిస్టర్' అనకుండా పిలవడం ఆమెకు రాలేదు. మా బడికి పోలీసులుండే షెరీఫ్ ఆఫీసు నలభై ఎనిమిది మైళ్ళు. ఎవడైనా తుపాకీతో బడిలోకి చొరబడితే వాళ్ళు వచ్చేసరికి అంతా అయిపోతుందని స్కూలు బోర్డు చలికాలమంతా చర్చించింది. చివరికి నడవాలో ఒక ఇనుప బీరువా, అందులో ఒక రైఫిల్, దాని తాళంచెవి ఒక ఉపాధ్యాయుడి దగ్గర అని తీర్మానించారు. ఎవరు ముందుకొస్తారని అడిగితే నేను చెయ్యెత్తాను. ఇంకెవరూ ఎత్తకపోయేసరికి, నన్ను ఒంటరిని చెయ్యడం ఇష్టంలేక కెండ్రా కూడా ఎత్తింది. ఇద్దరం ఈ తుపాకీ కోర్సు పాసైతే పెద్దవాణ్ణి కాబట్టి తాళంచెవి నాకే. నేను ఫెయిలైతే ఆమెకు.

"మీరు పాసైపోండి చాలు," అని దారిలో రెండుసార్లు అంది. "ఆ తాళంచెవి మెళ్ళో వేసుకుని నేను పాపకి పాలెలా ఇవ్వను?"

అందుకే నా చేతులు చల్లబడ్డాయి.

మాకు నేర్పే లైల్ బక్నర్ సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. పదకొండు మందిమి. ముందుగా ఒక్కటే నియమం చెప్పాడు. "మీ తుపాకీ మూతి ఇంకో మనిషి మీదుగా వెళ్ళిందంటే ఇంటికే. తూటా ఉందా లేదా, వేలు ఎక్కడుంది, ఇవేవీ నేనడగను. నేను చూడకపోతే చూసినవాళ్ళు చెప్పాలి. చేసినవాళ్ళే చెబితే ఇంకా మంచిది."

బోర్డు మాకు ఇంకో పని కూడా అప్పజెప్పింది. కొనాలనుకుంటున్న రెండు రకాల రైఫిళ్ళూ వాడి చూసి, ఏది మేలో రాసివ్వాలి. ఒకటి కార్బైన్, అందరికీ తెలిసిన మామూలు తరహా రైఫిల్. రెండోది బుల్‌పప్ అనే పొట్టిది. దాంట్లో తూటాల మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి వెనక, దాదాపు చంక కింద ఉంటుంది. గొట్టం పొడవు రెండిటికీ ఒకటే అయినా, మొత్తం మీద ఇది జానెడు పొట్టి. బోర్డు అధ్యక్షుడికి ఇదే నచ్చింది.

ప్లైవుడ్ పలకలతో కట్టిన ఉత్తుత్తి నడవాలో రెండూ పట్టుకుని తిరిగాం. కార్బైన్ తలుపు చట్రానికి రెండుసార్లు తగిలింది. పొట్టిది నీళ్ళలో చేపలా తిరిగింది. దాని బరువంతా భుజం దగ్గరే ఉండటంతో నా అరవై రెండేళ్ళ చేతులకు హాయిగా కూడా ఉంది.

"చూశావా పెద్దాయనా?" అన్నాడు థాడ్. పశువుల మంద ఉన్న లావుపాటి మనిషి, సొంత బుల్‌పప్ తెచ్చుకున్నాడు. "నీ కార్బైన్ పట్టుకుని తలుపులో దూరడమంటే నిచ్చెన మోసుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళినట్టే."

"దీంట్లో లోపమే లేదా?"

"ఎడమచేతివాళ్ళు పేలిస్తే ఖాళీ తొడుగులు చెంపకొచ్చి కొడతాయి. మా ఆవిడది ఎడమచెయ్యి. ఒక్కసారి పేల్చింది. ఆ తర్వాత నెలరోజులు నా వంట నేనే చేసుకున్నాను."

కెండ్రా నవ్వింది. ఆ ఉదయం ఆమె నవ్వడం అదే మొదటిసారి. థాడ్ తన మంచి చెవికప్పులు విప్పి, "నీవి పాతవి, చెవులు పోతాయి," అంటూ నా తలకు తగిలించాడు. నా భార్య ఐనెజ్ పోయిన ఈ రెండేళ్ళలో నేను ఇలాంటి చిన్న చిన్న ఆదరణల మీదే బతుకుతున్నాను.

పదకొండు గంటలకు అందరం వరసలో నిలబడ్డాం. నా చేతిలో పొట్టిది, నా ఎడమపక్క కెండ్రా. ఐదు తూటాలు పేల్చి, మ్యాగజైన్ మార్చి, మళ్ళీ ఐదు పేల్చాలి. నా మొదటి ఐదూ ఎదురుగా నిలబెట్టిన మనిషి బొమ్మ గుండె మీదే పడ్డాయి. కొత్త మ్యాగజైన్ కోసం ఎడమచేతిని చంక కిందికి పోనిచ్చాను. కార్బైన్ అయితే ఆ చోటు కళ్ళ ముందే ఉంటుంది. ఇక్కడ తల వంచి వెతుక్కోవలసి వచ్చింది. మ్యాగజైన్ దిగింది, తూటా లోపలికి వెళ్ళిన శబ్దం వినిపించింది. తల ఎత్తాను.

తుపాకీ ఎదురుగా లేదు. నేను తల వంచినప్పుడు నడుముతో పాటు అదీ ఎడమకు తిరిగింది. దాని మూతి కెండ్రా మోకాళ్ళ వైపు ఉంది.

ఒక్క క్షణం. వెంటనే ముందుకు తిప్పాను. లైల్ అటు చివర ఎవరి భుజమో సర్దుతున్నాడు. మిగతా ఐదు తూటాలూ ఎలా పేల్చానో తెలియదు. బొమ్మ చూస్తే అన్నీ గుండె మీదే ఉన్నాయి.

"బాగుంది," అన్నాడు లైల్ వచ్చి. "ఇలాగే ఉంటే మధ్యాహ్నానికి కాగితం చేతిలో పెడతాను."

భోజనానికి చెక్క బల్ల దగ్గర కూర్చున్నాం. నేను తెచ్చిన బ్రెడ్డు విప్పకుండా పక్కన పెట్టాను. నాకు నేనే సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టాను. వేలు ట్రిగ్గర్ మీద లేదు. ఎవరూ చూడలేదు. నేను చెబితే బరువంతా ఈ పిల్ల మీద పడుతుంది. చెప్పకపోవడమే దయ అని కూడా అనుకున్నాను. ఆ మాట నాకు ఎంత తేలిగ్గా దొరికిందో చూస్తే భయమేసింది.

కెండ్రా కూడా తినడం లేదు. మూత తీయని డబ్బా వైపు చూస్తూ, పక్కవాళ్ళకు వినబడకుండా అంది. "ఏం కాలేదు కదా మిస్టర్ హాస్కెల్. వదిలేయండి."

ఆమె వైపు తిరిగాను. "నువ్వు చూశావా?"

"కాళ్ళ మీదికి వచ్చింది. చూశాను." డబ్బాను అటూ ఇటూ తిప్పింది. "నాకేం కోపం లేదు. మీరు చెప్పొద్దు. నేనూ చెప్పను."

తూటా ఉన్న తుపాకీ తన మీదికి వచ్చినా ఫరవాలేదనుకునేంతగా ఆమె ఆ తాళంచెవికి భయపడుతోంది. అది అర్థమయ్యాక నా కళ్ళ ముందుకు మా నడవా వచ్చింది. గంట కొట్టగానే ఆమె తరగతిలోని పంతొమ్మిది మంది పిల్లలు, గోడ వెంబడి, నా నడుము ఎత్తున. అక్కడ నేను తల వంచి మ్యాగజైన్ వెతుక్కుంటూ ఉంటాను.

"క్షమించు తల్లీ," అని లేచాను.

లైల్ నీళ్ళ డబ్బా దగ్గర ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను వినేటప్పుడు టోపీ తీశాడు. "తుపాకీ సంచిలో పెట్టేయండి," అన్నాడు. "చెప్పినందుకు మీమీద గౌరవమే. కానీ ఇంటికే."

"కెండ్రా నా బండిలోనే రావాలి."

"అయితే ఆ నీడన కూర్చోండి. పొట్టిదాంతో ఈ తప్పు చేసింది మీరొక్కరే కాదు. చెప్పినవాళ్ళు తక్కువ."

మధ్యాహ్నమంతా నీడలో కూర్చుని కెండ్రా గురి తప్పాలని కోరుకున్నాను. అలా కోరుకున్నందుకు సిగ్గుపడుతూనే కోరుకున్నాను. ఆమె కార్బైన్ తీసుకుంది. తలుపు చట్రానికి తగిలినప్పుడు ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ వెళ్ళింది. మ్యాగజైన్ మార్చినప్పుడు తుపాకీ మూతి బొమ్మ మీంచి కదల్లేదు. ఒక్క తూటా కూడా పక్కకు పోలేదు.

నాలుగు గంటలకు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పికప్ ఎక్కింది.

"పాసయ్యాను," అంది. చెడ్డ కబురు చెప్పే అలాంటి గొంతు ఐనెజ్ ఉన్న ఆసుపత్రిలో విన్నాను.

"వద్దంటే వద్దని బోర్డుకు చెప్పొచ్చు కెండ్రా. నీ వెనక నేను నిలబడతాను."

"నేను వద్దంటే ఇంకెవరున్నారు, మీరే చెప్పండి."

జేబులోంచి పెన్ను తీశాను. ఏ రైఫిల్ మేలో రాసివ్వమని బోర్డు ఇచ్చిన కాగితం స్టీరింగ్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. ఆమె మెడ చాచి చూసింది.

"మీరు చేసిన తప్పు కూడా రాస్తున్నారా?"

"అది రాయకపోతే పొడుగుదే ఎందుకు కొనాలో వాళ్ళకెలా తెలుస్తుంది?"

కాగితం మీద వేలు పెట్టింది. "నేను చూసి కూడా నోరు మెదపలేదని రాయండి," అంది. "అది చదివాక కూడా తాళంచెవి నాకే ఇస్తామంటే తీసుకుంటాను."

"ఆలోచించే చెబుతున్నావా?"

"రాయండి." ఆమె చొక్కా ముందు భాగం పాలతో తడిసి ఉంది. జాకెట్ దగ్గరగా లాక్కుంది. "రాసి బండి తీయండి మిస్టర్ హాస్కెల్. పాప పాలకి ఏడుస్తుంటుంది."

రాశాను. కింద మొదట నా పేరు, దాని పక్కన ఆమె చెప్పిన మాట, ఆమె సంతకం. అప్పుడు బండి తీశాను.