మార్ల్‌కోట్ ఇంటి గూడు

మార్ల్‌కోట్ ఇల్లు అమ్మకానికి పెట్టి ఇది మూడో వసంతం. ఎనిమిదో హెన్రీ పెళ్లాల్ని మార్చుకుంటున్న రోజుల్లో కట్టిన ఇల్లది. నల్లటి ఓక్ దూలాలు, మెలికలు తిరిగిన ఇటుక పొగగొట్టాలు, సీసపు చట్రాల్లో బిగించిన అరచేతి వెడల్పు అద్దాలు. ప్రకటనలో ఫోటో చూసినవాళ్లు ఆహా అంటారు. తీరా వచ్చి, హాల్లో కోటు విప్పబోయి, మళ్లీ గుండీలు పెట్టుకుంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుంటుంది వ్యవహారం.

అంత ఇంట్లో ఉండేది ఒక్క మనిషి, ఉర్సులా హాబర్లీ. అరవైకి దగ్గర పడింది, పెళ్లి చేసుకోలేదు, ఒంటి మీద ఎప్పుడూ రెండు స్వెట్టర్లు. తండ్రి పోతూ పోతూ ఇంటిని ఆమెకిచ్చాడని ఊళ్లో అంటారు. ఆమెనే ఇంటికిచ్చి పోయాడంటే సరిగ్గా ఉంటుంది. అది చరిత్ర ఉన్న ఇల్లు కాబట్టి కిటికీ చట్రం మార్చాలన్నా, గోడకు మేకు కొట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. వాళ్లు చూసి, తల ఊపి, మళ్లీ వస్తామని వెళ్లిపోతారు. వాన మాత్రం ఎవరి అనుమతీ అడగదు. వాన పడ్డప్పుడల్లా ఉర్సులా గది గదికీ తిరిగి బకెట్లు పెడుతుంది, నిండితే పారబోస్తుంది. ఆ భయానికి ఆమె ఊరు దాటి ఒక్క రాత్రి పడుకుని ఏళ్లయింది.

ఆమెకు కావలసింది చాలా చిన్నది. సిడ్మత్‌లో సముద్రానికి ఎదురుగా మూడో అంతస్తులో ఓ ఫ్లాట్. ఒకసారి పొద్దున్నే బస్సెక్కి వెళ్లి చూసొచ్చింది. గోడలు తెల్లగా నున్నగా ఉన్నాయి, వాటి వెనక ఏమీ లేదు. కిటికీ కింది హీటర్ మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడిపోయిందంటే, చూపించడానికి వచ్చిన అమ్మాయి కంగారుపడి "బాగానే ఉన్నారా మేడమ్?" అని అడిగింది. ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు ఆ ఫ్లాట్ వాళ్లు. ఈలోగా మార్ల్‌కోట్ అమ్ముడుపోకపోతే అదీ పోతుంది. ఇంకో చలికాలం ఈ ఇంట్లో గడపడం తలుచుకుంటే ఉర్సులాకు చిన్నపిల్లలా ఏడుపొచ్చేది.

ఇళ్ల ఏజెంటు టోబియస్ ఫెన్ మంచివాడే కానీ, ఆమెతో విసిగిపోయాడు. కొనేవాళ్లు చూడ్డానికి వస్తే ఇంటివాళ్లు బయటికి పోవాలన్నది ఈ దేశంలో ఏజెంట్ల మొదటి నియమం. ఉర్సులా పోయేది కాదు.

"మిస్ హాబర్లీ, మీకు దణ్ణం పెడతాను. రేపు లాంబోర్న్ గారు, వాళ్లావిడ వస్తున్నారు. మీరు మాత్రం ఇంట్లో ఉండకండి," అన్నాడు ఫెన్.

"నా ఇంట్లో నేనుండకూడదా?"

"పోయినసారి వచ్చినవాళ్లను దూలం దగ్గరికి తీసుకెళ్లి చెక్క తొలిచే పురుగు చప్పుడు వినిపించారు మీరు. చెవి ఆనించి వినండి, ఎంత బాగా కొడుతోందో అని!"

"అడిగారు, చెప్పాను."

"ఎక్కడడిగారండీ? 'ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో' అన్నారు, అంతే!"

ఉర్సులా స్వెట్టరు చేతుల్ని వేళ్ల దాకా లాక్కుంది. ఫెన్ కాస్త మెత్తబడ్డాడు.

"ఇంకో మాట. ఆ కాలపు క్యాథలిక్ ఇళ్లల్లో ఫాదిరీలను దాచిన గూళ్లుంటాయి కదా. మీ ఇంట్లో నిజంగా లేదా? అదొక్కటి ఉంటే చాలు మేడమ్, కళ్లకద్దుకుని కొంటారు."

"లేదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది ఉర్సులా.

ఉంది. మేడ మీద పెద్ద పడకగదిలో, పొయ్యి పక్కన, చెక్కపలకల వెనక ఉంది. ఎలిజబెత్ రాణి రోజుల్లో క్యాథలిక్ ఫాదిరీ దొరికితే ఉరే, దాచినవాళ్లకూ ఉరే. హాబర్లీలు తమ ఫాదిరీని ఆ గోడలో నిలబెట్టి, కన్నంలోంచి గొట్టం దూర్చి పులుసు తాగించి కాపాడారు. సిపాయిలు గోడలన్నీ తట్టి చూసి ఉత్త చేతులతో పోయారు. నాటినుంచి ఇంట్లో ఒకటే కట్టుబాటు. గూడు సంగతి హాబర్లీ రక్తం దాటకూడదు. తరానికొకరిని ఎంచి, సిలువ మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. వేటాడేవాళ్లు పోయి నాలుగొందల ఏళ్లయినా, దాక్కునేవాళ్ల అలవాటు మాత్రం పోలేదు.

ఆ ఎంపికకూ ఒక పద్ధతుంది. ఉర్సులా, క్రిస్పిన్ కవలలు. ఏడేళ్ల వయసులో తండ్రి ఇద్దర్నీ పడకగదికి పిలిచి, ఒకరి తర్వాత ఒకర్ని గూట్లో పెట్టి పలక మూశాడు. తాను సిపాయిలా కర్రతో గోడలు బాదుతూ, బూటుకాళ్లతో నేల తొక్కుతూ "ఎక్కడ్రా వాడు?" అని కేకలేశాడు. లోపలున్నవాళ్లు చప్పుడు చెయ్యకూడదు. క్రిస్పిన్ పలక మూసీ మూయగానే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. తండ్రి మాట్లాడకుండా వాణ్ని బయటికి లాగాడు. ఉర్సులా మాత్రం పిడికిలి నోట్లో కుక్కుకుని, పళ్ల గాట్లు పడుతున్నా కిక్కురుమనలేదు. తలుపు తీసినప్పుడు తండ్రి కళ్లల్లో నీళ్లు. "ఇదీ హాబర్లీ రక్తం" అని ఒక టాఫీ చేతిలో పెట్టాడు. అరిచినవాడు ఇప్పుడు లిస్బన్‌లో పడవలమ్ముకుంటూ ఎండ కాగుతున్నాడు. అరవనిది ఇక్కడ బకెట్లు మోస్తోంది.

మర్నాడు ఉర్సులా బుద్ధిగానే బయల్దేరింది. రబ్బరు బూట్లు తొడుక్కుంది, గొడుగు తీసుకుంది. గుమ్మం దాటబోతుంటే పడకగదిలో బకెట్ సంగతి గుర్తొచ్చింది. రాత్రంతా వాన, ఈపాటికి నిండి ఉంటుంది. పైకి పరుగెత్తి, నీళ్లు కిటికీలోంచి పారబోసేసరికి కింద కంకర మీద కారు చక్రాల చప్పుడు. చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు.

ఇంకెవరైనా ఏం చేసేవారు? మెట్లు దిగి, నమస్కారమండీ, నేను వెళుతున్నాను అని తన దారిన పోయేవారు. కానీ ఉర్సులా పుట్టిన జాతి వేరు. ఇంటావిడ ఊళ్లో లేదని ఫెన్ వాళ్లతో చెప్పే ఉంటాడు. అలాంటిది బూట్లతో, చేతిలో బకెట్‌తో ఎదురుపడితే ఫెన్ ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? వాళ్లేమనుకుంటారు? తానేం చెప్పాలి? మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత మొహమాటం లేకుండానే చెబుతుంది, ఆమె ఆ సామెత వినలేదు. కాళ్లు వాటంతటవే పొయ్యి పక్కకి నడిచాయి. చెక్క మీది మూడో కణుపును నొక్కింది, పలక తెరుచుకుంది, బకెట్‌తో సహా లోపలికి దూరి మూసుకుంది.

వాళ్లు కింద హాల్లో ఉండగానే బుద్ధి తిరిగొచ్చింది. వెనకమెట్ల మీదుగా జారుకోవచ్చు కదా అనుకుని లోపలి గడియ లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. మూడు చలికాలాల తేమకు ఓక్ చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది.

లోపల నిలబడితే భుజాలు రెండు గోడలకూ తగులుతాయి. ఏడేళ్లప్పుడు ఇది ఇంత ఇరుకని తెలియలేదు. ఊపిరి పీల్చిన ప్రతిసారీ స్వెట్టర్ రాళ్లకు రాసుకుంటోంది. ఫోను కింద వంటింట్లో టీకెటిల్ పక్కనుంది. పనిమనిషి మిసెస్ ట్యాప్ గురువారం గానీ రాదు. వచ్చినా ఆమెకు ఒక చెవి వినపడదు, రెండో చెవికి వాక్యూమ్ మోత. ఉర్సులాకు నుదుటి మీద చెమట పట్టింది, ఆ ఇంట్లో చెమట పట్టడం అదే మొదటిసారేమో.

మాటలు మెట్లెక్కి గదిలోకొచ్చాయి. పులుసు గొట్టం కోసం చేసిన కన్నంలోంచి అన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఇక్కడ ఎన్ని బాత్రూములు?" లాంబోర్న్ అడుగుతున్నాడు.

"ఒకటండి. కానీ చాలా విశాలంగా ఉంటుంది," అన్నాడు ఫెన్.

"ఇంకోటి కట్టుకోవచ్చా?"

"అప్లై చేసుకోవచ్చండి."

 తర్వాత అతని భార్య డామరిస్ గొంతు, తేనె పూసినట్టుంది.

"చాలా బాగుంది. నిజంగా. ఎంత చరిత్రో! మేం తప్పకుండా ఆలోచించి చెబుతాం."

ఉర్సులా కళ్లు మూసుకుంది. ఈ దేశంలో ఆ మాటకు అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. ఇక చచ్చినా ఈ గుమ్మం తొక్కమని. సిడ్మత్ కిటికీ, కింది వేడి, అన్నీ కళ్లముందే మూసుకుపోయాయి.

"ఒక్కటి మాత్రం అడగాలండీ. ఫాదిరీల గూడు లేదా ఈ ఇంట్లో? చిన్నప్పటినుంచీ అలాంటిదున్న ఇంట్లో ఉండాలని నాకెంత పిచ్చో. అదుంటే ఈయన్ని ఎలాగో ఒప్పించేదాన్ని."

"బాత్రూము ఒక్కటైనా?" అన్నాడు భర్త.

"గుంటలో స్నానం చెయ్యమన్నా చేసేదాన్ని."

ఫెన్ నిట్టూర్చాడు. "నేనూ అడిగి అడిగి అలిసిపోయానమ్మా. లేదన్నారు ఓనరు."

చెక్కపలకకు ఇవతల, వాళ్లకు జానెడు దూరంలో, ఓనరు బకెట్ పట్టుకుని వింటోంది. ఒట్టు అడ్డొచ్చింది. తండ్రి కళ్లల్లో నీళ్లు అడ్డొచ్చాయి. అన్నిటికన్నా పెద్దది, సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పుడు గోడలోంచి ఏమని పలకాలి? అయినా అడగనిదే అమ్మైనా పెట్టదు. ఆమె గొంతు సవరించుకుంది.

"క్షమించాలి," అంది మెల్లగా. "మీకు వీలైతే... ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి..."

"ఏదో చప్పుడు?" అన్నాడు లాంబోర్న్.

"పైపులండి. పాత ఇల్లు కదా," అన్నాడు ఫెన్.

ఉర్సులా వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది. ఎంత మర్యాదగా తట్టిందంటే, పక్కింటికి చక్కెర అప్పడగడానికి వెళ్లినట్టు.

"అయ్యో, ఎలుకలా?" అంది డామరిస్.

"ఎలుకలేం లేవమ్మా! పైపులే! పదండి, తోట చూద్దాం, తోట చాలా బాగుంటుంది."

అడుగుల చప్పుడు గుమ్మం వైపు మళ్లింది. ఉర్సులా పిడికిలి తనకు తెలియకుండానే నోట్లోకి వెళ్లింది. పళ్ల కింద చర్మం నలిగింది. ఆ నొప్పి ఆమెకు గుర్తుంది. మంచి పిల్లవి, చప్పుడు చెయ్యకు. చప్పుడు చెయ్యకుండా బడికెళ్లింది, చప్పుడు చెయ్యకుండా తండ్రికి చాకిరీ చేసింది, ఒకతను పెళ్లాడతానని వస్తే ఇల్లెవరు చూస్తారని చప్పుడు చెయ్యకుండా పంపేసింది. గురువారం మిసెస్ ట్యాప్ వచ్చి, వాక్యూమ్ పట్టి, వెళ్లిపోతుంది. అప్పుడూ తాను చప్పుడు చెయ్యకుండా ఇక్కడే ఉంటుంది.

ఆమె పిడికిలి బయటికి లాగింది, కన్నానికి నోరు ఆనించి అరిచింది.

మాటలేం లేవు అందులో, ఉత్త అరుపు. బకెట్ కిందపడి మోగింది. ఊపిరి అయిపోతే మళ్లీ తీసుకుని అరిచింది. పెరట్లో చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. "గోడలో ఉన్నాను! పొయ్యి పక్కన! మూడో కణుపు నొక్కండయ్యా, మూడోది! ఉబ్బిపోయింది, భుజంతో తొయ్యండి!"

లాంబోర్న్ భుజంతో గుద్దితే పలక తెరుచుకుంది. ముఖమంతా బూజుతో, బూట్లతో, ఇంటావిడ వెలుగులోకొచ్చింది. డామరిస్ రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. ఆమె చూపు ఉర్సులాను దాటి వెనకున్న చీకటి మీద పడింది.

"గూడు! ఏవండీ, గూడు!"

"మిస్ హాబర్లీ!" అన్నాడు ఫెన్. "లేదన్నారు కదా మేడమ్!"

క్షమించండి అన్న మాట అలవాటు కొద్దీ ఉర్సులా నాలుక చివరికొచ్చింది. దాన్ని మింగేసింది.

"ఉంది," అంది. "కొనుక్కోండి."

టీ వేళకల్లా ఫెన్ ఫోన్ చేశాడు. లాంబోర్న్ దంపతులు ఖాయం చేశారట. ఎలుకలున్నా సరేనంటోందట ఆవిడ. ఉర్సులా టేబుల్ మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది, అది సంతోషమే. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఒట్టు తప్పింది. హాబర్లీ రక్తంలో మిగిలింది ఒక్కడే, వాడికి చెప్పుకోవాలి. లిస్బన్‌కు ఫోన్ కలిపి, జరిగిందంతా బకెట్‌తో సహా చెప్పింది. తిడతాడనుకుంది. అవతల క్రిస్పిన్ పడీ పడీ నవ్వుతున్నాడు.

"నిజంగా అరిచావుటే ఉర్సీ? అమ్మ నీ, ఇన్నాళ్లు పట్టిందా నీకు!"

"అంటే ఏంట్రా?"

"ఏముంది, నేను ఏడేళ్లకే చేశాను ఆ పని. నాకేం భయమెయ్యలేదే. లోపల బాగానే ఉంది కూడా. అంతకు ముందు రోజు నాన్న అమ్మతో అంటుంటే విన్నాను, నోరు మూసుకుని ఉన్నవాళ్లకే ఇల్లు అని. ఆ సాయంత్రమే తాతయ్య బకెట్ పట్టుకుని నిచ్చెన మీద కూర్చుని ఏడుస్తూ కనిపించాడు. నాకొద్దు బాబోయ్ అనుకున్నా. అందుకే పలక పడగానే అరిచేశా."

ఉర్సులా కుర్చీలోంచి లేచింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెబుదామనే వచ్చానే. నువ్వేమో ఆ టాఫీ చప్పరిస్తూ మెట్ల మీద మహారాణిలా కూర్చున్నావు. అంత సంతోషంగా నిన్నెప్పుడూ చూళ్లేదు. పోనీలే అని ఊరుకున్నా."

ఆ రోజుకు రెండోసారి ఉర్సులా అరిచింది. ఈసారి మాటలున్నాయి అందులో.