పదహారు మోడల్ సీటు

సూదక్క పళ్ల మధ్య దారప్పోగు కరిచిపట్టుకుని పాత సీటు కుట్లు బ్లేడుతో విప్పుతోంది. ఆ షెడ్డుకి అమ్మకానికొచ్చే పాత జీపులన్నిటికీ సీట్లు కుట్టేది ఆమే. అసలు పేరుతో పిలిచే తల్లి పోయాక ఆ పేరు ఆమెకే మరపున పడింది. కుడి చూపుడువేలు కొస కాయకాసి రాయిలా అయింది. వంగి వంగి నడుం కొడవలిలా తిరిగింది. తలనూనె కూడా రెక్సిన్ వాసనే కొడుతుందని కొడుకు ఎగతాళి చేస్తాడు.

ఈవేళ పని పదహారు మోడల్ జీపుకి.

"డ్రైవరు సీటు కాస్త వెనక్కి జరిపి కుట్టమ్మా. కొనేవాడు పొడగరి," అన్నాడు షెడ్డు యజమాని, తాళాల గుత్తిలో ఏదో వెతుకుతూ.

"మావాడంత ఉంటాడా అన్నయ్యా?"

"అంతే ఉంటాడనుకో."

ఇంకేం, కొలత సులువైపోయింది. కొడుక్కి పుట్టినప్పట్నుంచీ చొక్కాలు కుట్టిన చేతులకి టేపు దేనికి? మోకాలికింత, నడుముకింత అని జానతోనే కొలిచి స్పాంజి కోసింది.

కోస్తూ ఆ కొనేవాణ్ణి తలుచుకుంది. ఏ తల్లి కన్నబిడ్డో. ఈ బండి జాతకం షెడ్డులో అందరికీ తెలుసు. ఆ ఏడాది కంపెనీవాడు ఎత్తు పెంచాడు గానీ వెడల్పు పెంచలేదు. ఏటవాలు మలుపులో లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. కిందటి వానల్లో ఇలాంటిదే ఒకటి బోల్తాపడి షెడ్డుకొచ్చింది. ఆమె దాని సీట్లలోంచి గాజుపెంకులు ఏరుతుంటే యజమానే పక్కన చతికిలబడి అన్నాడు: "చెల్లెమ్మా, పదహారు మోడల్ని రైలు పట్టాల మీద నడపాలి గానీ కొండ మీద కాదు. మనవాళ్లెవరికీ ఇవ్వనంటే ఇవ్వను."

అందుకే, క్వారీకి కూలీలను చేరవేయడానికి జీపు కొంటానని కొడుకు అన్ననాడే పన్నెండు మోడల్ అయితేనే కొనమంది. అది మొరటుది. రంగు వెలిసింది. స్టీరింగు తిప్పడమంటే దున్నపోతు కొమ్ములు వంచడమే. అయినా నాలుగు కాళ్లూ నేలమీదుంటాయి.

"నీకు నిద్రలో కూడా బండ్లు బోల్తా కొడతాయే అమ్మా," అని నవ్వాడు వాడు.

"కీడెంచి మేలెంచమన్నార్రా. మీ నాన్న బస్సెక్కితేనే తిరిగొచ్చేదాకా గుమ్మం వదిలేదాన్ని కాదు."

"నాన్న జ్వరంతో పోయాడు, బస్సులో కాదు."

"అదే చెప్తున్నా. నేను కాపలా కాయనివైపు నుంచే వచ్చింది."

చివరికి వాడు సరేనన్నాడు. ఆ రాత్రి ఆమెకి కంటినిండా నిద్ర పట్టింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మెకానిక్కు తల వంచుకుని గబగబా తిని లేచిపోతున్నాడు. రోజూ ఆమె గిన్నెలో చెయ్యి పెట్టందే ముద్ద దిగనివాడు.

"ఈవేళ ఒక్కరికీ నోరు పెగలదేం? ఎవరన్నా పోయారా ఏంటి?"

"ఎండక్కా," అన్నాడు వాడు, నీడలో నిలబడి.

డ్రైవరు సీటుకి ఆమె రెండు వరసల కుట్టు వేసింది. ముక్కూ మొహం తెలియని బిడ్డ, ఉన్నన్నాళ్లయినా సుఖంగా కూర్చోనీ అనుకుంది. వాడు తన బిడ్డ కానందుకు లోపలెక్కడో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే లెంపలేసుకుంది.

పొద్దు వాలుతుండగా కొడుకు సైకిలు మీద వచ్చాడు. దాన్ని గేటు పక్క గోడకి ఆనించి లోపలికి నడిచాడు.

"అటు కాదురా, నీ పన్నెండు మోడల్ వెనకుంది," అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ.

వాడు వినిపించుకోలేదు. యజమాని తాళంచెవి అందించాడు. వాడు పదహారు మోడల్ ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్లు ఎక్కడా తగల్లేదు.

సూదక్క యజమాని వైపు తిరిగింది. "రైలు పట్టాల మీద నడపాలని మీరేగా అన్నారు అన్నయ్యా."

"అది చెల్లెలితో అన్న మాటమ్మా. వాడు బేరానికొచ్చాడు." ఆయన నేల చూశాడు. "నీకు చెప్పొద్దని వాడే అందరిచేతా ఒట్టేయించుకున్నాడు."

అందరిచేతా. మెకానిక్కు అప్పటికే గేటు తీసి పట్టుకుని, గోడవైపు చూస్తున్నాడు.

"ఆ పన్నెండు వేసుకుని వెళ్తే కూలీలు కూడా ఎక్కరమ్మా," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి. "మెల్లిగానే నడుపుతాలే. రేపు తెల్లారే మొదటి ట్రిప్పు, రాత్రికి క్వారీలోనే పడుకుంటా. ఇదిగో చూడు, సీటు నాకే కుట్టినట్టుంది."

"నీకే కుట్టాను నాన్నా."

జీపు కదిలింది. గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే ఆమె కళ్లు లోపలి చక్రం మీదే ఉన్నాయి. అది నేల విడవలేదు. ఇక్కడ నేల చదునే మరి. దుమ్ము అణిగేసరికి రోడ్డు ఖాళీ. యజమాని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఆమె సైకిలైనా ఇంటికి నడిపించుకుపోదామని హ్యాండిల్ పట్టుకుంది. వెనక చక్రానికి తాళం వేసి ఉంది. తాళంచెవి వాడి జేబులోనే వెళ్లిపోయింది. సైకిలు సీటు ఒక పక్క చిరిగి, లోపలి పసుప్పచ్చ స్పాంజి బయటికొచ్చి ఉంది. కుట్టమని వాడెప్పుడూ అడగలేదు.