కృప పేరున్న వాక్యం

కృప పేరు కార్ఖానా పుస్తకంలో లేదని హరనాథబాబు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నా పేరు గంగమణి. ఈ బాన్సువాడ గెలిపించిన ఎమ్మెల్యేని. అంతకుముందు ఇరవై ఏళ్లు ఇదే ఊళ్లో బీడీలు చేసినదాన్ని.

హరనాథబాబు బీడీ కార్ఖానా మేనేజరు. "చూడండి మేడం, కార్డు శాంతవ్వ పేరు మీద ఉంది. ఈవిడెవరో మాకు తెలీదు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా వారం వారం ఎవరి చేతి బీడీలు తీసుకున్నాడో, ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని అన్న మాట అది.

కృప దగ్గు ఆపుకుంది. తంబాకు దుమ్ము రొమ్ముకెక్కి రెండు నెలలుగా మంచం పట్టి ఉంది. పింఛను కోసం లేచి వచ్చింది.

"శాంతవ్వ మా అత్త సారూ. సచ్చి పదకొండేండ్లాయె. మరి గీ పదకొండేండ్లు బీడీలు ఎవలు జేసిండ్రు? బొందల కెల్లి లేసొచ్చి ఆమెనే జేసిందా?"

అతను పుస్తకం మూసేశాడు.

కంపెనీ కొత్త కార్డు ఇవ్వదు. ఇస్తే పీఎఫ్ కట్టాలి, రేపు పింఛనుకు హక్కు వస్తుంది. అందుకని కోడలు అత్త కార్డు మీద చేయాలి, బిడ్డ తల్లి కార్డు మీద చేయాలి. మా వాడల్లో సగం మంది ఆడవాళ్లు ఇంకొకరి పేరు మీదే ముసలివాళ్లయ్యారు. పని దొరికింది చాలనుకున్నామే తప్ప, పేరు పోతోందని మాకెవరికీ తోచలేదు.

బయటికి వచ్చాక కృప నా భుజం పట్టుకుని నిలబడింది. "అక్కా, నువ్వు అసెంబ్లీల మాట్లాడుతవ్ గదా. గాడ నా పేరు జెప్పు. గాడ జెప్పిందంత పుస్తకంల రాస్తరంట. సర్కారు పుస్తకంల ఎక్కినంక వీళ్లెట్ల లేదంటరు?"

ఆ ఆశ పెట్టింది నేనే. ఓట్లడిగిన ప్రతి వాడలో ఆ మాటే చెప్పాను.

అసెంబ్లీ సంగతి మీకు ఉన్నదున్నట్టు చెప్తాను. బీడీలు చేసేవాళ్లకూ, కాలేజీకి వెళ్లే పిల్లలకూ ఇది తెలియాలి. ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రెండు పెద్ద పార్టీలు తిట్టుకున్నాయి. అప్పు ఎవరు చేశారు, ప్రాజెక్టు ఎవరు కట్టారు, ఎవరు ఏ పార్టీలోకి దూకారు. కాగితాలు చింపి విసిరారు. బయటికెళ్లి టీవీల ముందు మళ్లీ తిట్టుకున్నారు. తర్వాత క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ తిన్నారు. కొత్త కార్మిక చట్టాల మీద చర్చ అడిగితే టైం లేదన్నారు. మా పార్టీకి నేనొక్కదాన్నే. నాకు రెండు నిమిషాలు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అనేది. ఆ నోరు నాకు రాలేదు. లేచి ఇలా అన్నాను: "అధ్యక్షా, బాన్సువాడలో కృప అనే ఆడమనిషి ముప్పై ఏండ్ల కష్టం మింగిన దొంగలకు ఈ మంత్రులు కాపలా కుక్కలు!"

సభ దద్దరిల్లింది. ప్రతిపక్షం బల్లలు చరిచింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ చప్పుడు నాకు నచ్చింది. మైకు కట్ చేశారు. "సభ్యురాలి వాక్యాన్ని రికార్డుల నుంచి తొలగిస్తున్నాం" అన్నారు సభాపతి.

తొలగించింది నా తిట్టునే అనుకున్నాను. కృప పేరు కూడా ఆ వాక్యంలోనే ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

వారం తర్వాత ఆ రోజు సభ కాగితాలు పట్టుకుని కృప వాళ్లింటికి వెళ్లాను. కృపది బైబిలు మీద నేర్చుకున్న చదువు. వేలు పెట్టి ఒక్కో మాటా వెతికింది. నా పేరు దొరికింది. దాని కింద వరసగా చుక్కలు.

"గీ చుక్కలేంది అక్కా?"

చెప్పాను. ఆమె చాలాసేపు కాగితం మీంచి వేలు తీయలేదు.

"ఛాట్ జేసిండ్రన్నట్టు" అంది.

బీడీ బాగాలేదని కార్ఖానాలో ఏరి పారేయడాన్ని ఛాట్ అంటాం. ఏరేసినవి మాకు తిరిగివ్వరు, వాటికి కూలీ కట్టరు.

"ఫికర్ జెయ్యకు. మంచిగనే మాట్లాడినవ్" అని నా చెయ్యి నిమిరింది. తిట్టినా బాగుండేది. మూడో రోజు పొద్దున దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలో, నా ఒళ్లోనే పోయింది. ఇప్పటికీ ఆటోలో కూర్చోవాలంటే నాకు ఏడుపొస్తుంది.

మట్టి చేసి వచ్చి అందరం ప్రవళిక వాళ్ల వాకిట్లో కూర్చున్నాం. ప్రవళిక డిగ్రీ చదువుతూ తల్లి కార్డు మీద బీడీలు చేస్తుంది. వచ్చే సమావేశాల్లో మళ్లీ లేవదీస్తానని నేను మొదలుపెట్టగానే అడ్డం పడింది.

"ఇగ చాలు గంగమణక్కా. నువ్వు మా పేర్లు ఆడికి మోస్కవోతవ్, వాళ్లు పారేస్తరు. మా పేర్లు మేమే జెప్పుకుంటం."

"పేరు జెప్తె కార్డు గుంజుకుంటరు బిడ్డా" అంది బాలమణి. ఆమె అత్త కార్డు మీద పాతికేళ్లుగా చేస్తోంది. "రేపటి సంది ఏం తింటం?"

"జెప్పకుంట ముప్పై ఏండ్లు వున్నది కృపత్త. ఏం దొరికింది?"

బాలమణి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరె. ముందుగాల నేనే జెప్త."

మర్నాడు కార్ఖానాలో గుమాస్తా కార్డు చూసి "సాయవ్వ!" అని పిలిచాడు.

"సాయవ్వ మా అత్త. నా పేరు బాలమణి. నా పేరు మీద కార్డు రాయి."

తర్వాతి ఆమె కూడా తన పేరే చెప్పింది. ఆ తర్వాతి ఆమె కూడా. బీడీల గంపలు కింద పెట్టి నలభై మంది గేటుకు అడ్డంగా కూర్చున్నారు. నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను. హరనాథబాబు ఫోన్ చేశాడు. పోలీసు వ్యాను వచ్చింది.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ రాజన్న అరెస్టయినవాళ్ల పేర్లు రాసుకుంటుంటే ఆడవాళ్లు అతని బల్ల చుట్టూ మూగారు. వాళ్లలో చాలామందికి పనిచేసినందుకు సొంత పేరు ఒక కాగితం మీద ఎక్కడం అదే మొదలు.

"ల కాదు సార్, ళ. ప్రవళిక."

"బీడీ కార్మికురాలని గూడ రాయి సారూ. ఇంటి పని అని రాయకు."

నాతో కలిపి నలభై ఒకటి అయ్యాయి. రాజన్న పెన్ను మూయబోయాడు.

"ఇంకొక పేరు రాయి రాజన్నా. కృప" అన్నాను.

"సచ్చిపోయినోళ్ల పేరు ఎట్ల రాస్త మేడం?"

"సచ్చిపోయిన శాంతవ్వతోని పదకొండేండ్లు బీడీలు జేపిచ్చిండ్రు గదా, గట్లనే రాయి" అంది ప్రవళిక.

రాజన్న తలెత్తలేదు. నలభై రెండు అని అంకె వేసి, పేరు రాశాడు.

సాయంత్రం ఎస్సై వచ్చి జాబితా చూశాడు. ఆ పేరు మీద ఒక్క గీత గీసి, "అందరూ ఇంటికి పొండి. వదిలేస్తున్నాం" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. "మళ్ల ఛాట్ జేసిండు" అంది బాలమణి, అంటూనే గచ్చు మీద చతికిలబడింది. నలభై మందీ కూర్చున్నారు. గేటు బయట కార్ఖానా నుంచి వచ్చిన ఇంకొందరు కూర్చున్నారని రాజన్న వచ్చి చెప్పాడు.

ఎస్సై నా వైపు తిరిగాడు. "మీరు ఎమ్మెల్యే గారు, మీరైనా చెప్పండి. అసలు వీళ్లకేం కావాలి?"

నా నోటి దాకా చాలా మాటలొచ్చాయి. అన్నీ మింగేశాను. ఈసారి ఒక్క తిట్టు కూడా కలపలేదు.

"కృప" అన్నాను.