ఎడింబరో నోటుబుక్కు

ఇల్లు సర్దిన ప్రతిసారీ ఆ నోటుబుక్కు పారేద్దామని నేను, వద్దని ఆయన. మా ఆయన డాక్టర్ భీమశంకరం అమెరికా రాకముందు రెండేళ్లు ఎడింబరో ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడి పేషెంట్లది మామూలు ఇంగ్లీషు కాదు, స్కాట్లండ్ వాళ్ల స్కాట్స్ అట. ఒక్కో మాటకి నాలుగు స్పెల్లింగులు, కేస్‌షీట్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవారట. ఈయన విసిగిపోయి, చెవికి వినపడ్డది వినపడ్డట్టు తెలుగు లిపిలో రాసుకున్నారు. నలభై ఏళ్ల కిందటి ఎవరివో కడుపునొప్పులూ దగ్గులూ ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా అల్మారాలో ఎందుకని నా గొడవ.

2009 వేసవిలో పక్కింటి జీన్‌కి స్ట్రోక్ వచ్చింది. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. యుద్ధమయ్యాక అమెరికన్ సైనికుణ్ణి పెళ్లాడి స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి వచ్చింది. అత్తగారు వెక్కిరించిందని తన మాట తీరు ఆ ఏడాదే వదిలేసిందట. స్ట్రోక్ తర్వాత ఇంగ్లీషు పోయి, ఆ వదిలేసిందే మిగిలింది. కూతురు క్యారల్‌కి అందులో ఒక్క ముక్క రాదు. మళ్లీ చెప్పమని అందరూ అడిగి అడిగి విసిగిస్తే, ఆవిడ నోరు విప్పడమే మానేసింది. గురువారం ఒక నర్సు వచ్చి చూస్తుందనీ, మతి లేదని తేలితే తాళం వేసి ఉంచే వార్డుకి పంపేస్తారనీ చెప్పి క్యారల్ మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

“వసూ, ఆ నోటుబుక్కు తియ్యి” అన్నారాయన. సోమవారమే కాటరాక్ట్ ఆపరేషన్ అయింది, కంటికి ప్యాచ్, రెండో కంట్లోనూ పొరే. “నాకు కనపడదు. నువ్వే చదవాలి.”

“బావుందండీ. నేను ఆ దేశం ఎయిర్‌పోర్ట్ కూడా చూళ్లేదు.”

“తెలుగక్షరాలే కదా, చదివెయ్యి.”

గురువారం మేమిద్దరం జీన్ ఇంటికి వెళ్లాం. నర్సు ఈరోజు ఏ వారమని అడిగింది, ఏ ఊళ్లో ఉన్నారని అడిగింది. జీన్ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. నర్సు ఫారంలో ఏదో రాసుకుంటోంది. క్యారల్ నా చెయ్యి పట్టుకుంది. నేను కళ్లజోడు సర్దుకుని మొదటి పేజీ తెరిచాను.

“విట్” అని చదివాను. ఏమిటి అని అర్థమట.

జీన్ తల తిప్పింది.

“స్టేన్” అన్నాను. అంటే రాయి. ఆవిడ మొహం చిట్లించింది. పొరపాటు చేశానేమోనని భయమేసింది. అయినా ఆపకుండా “వేమ్” అన్నాను, కడుపు అని.

“వైమ్” అంది జీన్ గట్టిగా. ఎక్కాలు తప్పు చెప్పిన పిల్లని చూసినట్టు చూసింది నన్ను. పేజీ మీద వేలు పెట్టి మొదటికి రమ్మంది. “ఫిట్. స్టీన్. వైమ్.”

మా ఆయన నవ్వేశారు. “నావన్నీ ఎడింబరో పలుకులు. ఆవిడది అబర్డీన్. ఇన్నాళ్లకి దిద్దించుకుంటున్నాను.”

నర్సు రాయడం ఆపింది. రెండు పేజీలు చదివాను. జీన్ పదకొండు చోట్ల దిద్దింది. మిగతావి సరేనని తలూపింది. నర్సు పాత కాగితం మడిచి కొత్త ఫారం తీసింది. “ఈవిడకి మతి ఉంది, మాకే భాష లేదు. ఇంట్లోనే ఉండనివ్వండి” అంది క్యారల్‌తో.

మేం లేవబోతుంటే జీన్ నా కొంగు పట్టుకుని “ఫార్ ఆర్ యి ఫే, క్వైన్?” అంది.

“నీది ఏ ఊరు పిల్లా అంటోంది” అన్నారాయన.

డెబ్బై నిండినదాన్ని. ఈ దేశంలో అందరూ ఏ దేశం అని అడిగినవాళ్లే, ఏ ఊరని ఎవరూ అడగలేదు.

“కాకినాడ” అన్నాను.

ఆవిడ పెదాలు కూడదీసుకుని “కాకినాదా” అంది.

నా పేరుని వాసూ అన్నా వేసూ అన్నా నలభై ఏళ్లుగా సర్దుకుపోతున్నాను. మళ్లీ కూర్చున్నాను.

“దా కాదు, డ” అన్నాను. “కాకినాడ.”