సుంకులమ్మ సవతి

నేను ఒక రివాల్వరును. ముప్పై రెండు బోరు. ఆరు గుళ్ళు పడతాయి. ఆరింటిలో మూడు పేలితే అది నాకు మంచి రోజు.

సముద్రానికి అవతల ఏదో దేశంలో, పేరున్న తుపాకి ఒకదాన్ని ఎదురుగా పెట్టుకుని చేసిన నకళ్ళలో నేనొకదాన్ని. దానికి మంచి ఉక్కు పెట్టారు. నాకు మిగిలింది పెట్టారు. దాని పిడి మీద సింహం ఉండేది. నా పిడి మీద ఉన్నదాన్ని చూసినవాళ్ళందరూ కుక్క అన్నారు. పుట్టిననాటి నుంచే ఇంకొకరిని చూసి ఏడవడం నాకు అలవాటైంది.

నన్ను మొదట కొన్నది ఆదోనిలో నూనె మిల్లు నడిపే గుండయ్య శెట్టి. ఆయనకు శత్రువులు లేరు. లైసెన్సు ఉంటే పెద్దమనిషి అంటారని తీసుకున్నాడు. ఒక దసరాకు, ఆయుధ పూజ అయ్యాక, మిల్లు ఆవరణలో అందరి ముందూ నన్ను ఆకాశానికి ఎత్తి ట్రిగ్గరు నొక్కాడు. నేను పేలలేదు. మళ్ళీ నొక్కాడు. పేలలేదు. విసుగెత్తి నన్ను దించి ఊరికే నొక్కేసరికి పేలాను. ఎదురుగా ఉన్న నూనె డబ్బాకు చిల్లు పడింది.

"శెట్టి నూనెను కాల్చి చంపినాడ్రోయ్!" అని హమాలీలు కింద కూర్చుని నవ్వారు.

నెల తిరగకముందే శెట్టి నన్ను వదిలించుకున్నాడు. కాగితాలన్నీ రాయించుకుని నన్ను తీసుకున్నవాడు కంబగిరి.

కంబగిరి పోలీసు ఆర్ముడు రిజర్వులో ముప్పై ఏళ్ళు సర్కారు తుపాకులు బాగుచేశాడు. రిటైరయ్యాక మరమ్మతు లైసెన్సు తీసుకుని ఇంటి వసారాలో ఒక బల్ల వేసుకున్నాడు. మంచి తుపాకులంటే ఆయనకు గిట్టదు. "దానికి నా పనేముందబ్బా" అనేవాడు. పేలనివి, ఇరుక్కునేవి, చక్రం తిరగనివి, చవకరకం నకళ్ళు, ఇవే ఆయనకు ఇష్టం. లైసెన్సున్నవాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఊరికే బాగుచేసి పంపేవాడు.

అవి బల్ల మీదికి వచ్చినప్పుడు నా ఒళ్ళు మండేది. ఆయన వేళ్ళు వాటి మీద తిరుగుతుంటే చూడలేకపోయేదాన్ని. అయితే అవి వచ్చిన దారినే పోయేవి. నేను ఉండేదాన్ని. నన్ను మళ్ళీ మళ్ళీ విప్పేవాడు. నా జబ్బు నయం కాలేదు. నయం కావాలని నాకూ లేదు. నయమైతే చేతులు ఇంకోదాని మీదికి పోతాయి.

ఆయన మనసు పోకుండా నేను ఆపలేని చోటు ఒక్కటే ఉండేది ఆ ఇంట్లో. ఆయన భార్య సుంకులమ్మ.

ఆమెకు ఒక కుట్టు మిషను ఉండేది. కాలితో తొక్కేది, నల్లది, పుట్టింటి నుంచి వచ్చింది. వీధిలో ఆడవాళ్ళ రవికలన్నీ దాని మీదే కుట్టేది. సాయంత్రం మిషను మొదలైతే కంబగిరి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయేది. తల ఎత్తకుండా ఆ చప్పుడు వినేవాడు. దారం తెగితే చప్పుడు ఆగకముందే, "దారం తెగిందే" అనేవాడు. నేను పేలతానో పేలనో ఆయనకు తెలియదు. ఆ మిషను సంగతి చూడకుండా తెలిసేది. అది నేను మరిచిపోలేదు.

సుంకులమ్మ కూడా నన్ను ఓర్వలేదు.

"ఏమయ్యా, అన్నం చల్లారిపోతాంది. నా సవతిని పక్కన పండుకోబెట్టి వస్తావా రావా?"

"వస్తాండా. ఒక్క స్క్రూ."

"నీ ఒక్క స్క్రూ ముప్పై ఏండ్లాయ."

సవతి అంది. నాకు కోపం రాలేదు. అంతవరకు నన్ను ఎవరూ ఏ వరసా పెట్టి పిలవలేదు.

ఒక ఆషాఢంలో కంబగిరికి నా జబ్బు దొరికింది. లోపల ఒక స్ప్రింగు చచ్చుబడింది. నాలాంటి నకలుకు విడిభాగాలు ఎక్కడా రావు. రెండు రోజులు డబ్బాలన్నీ వెతికాడు. మూడో రోజు సుంకులమ్మ బజారుకు వెళ్ళింది. ఆయన మిషను దగ్గరికి వెళ్ళి, గుడ్డను అదిమిపట్టే పాదం పైన ఉండే స్ప్రింగు ఊడదీశాడు. కొంచెం పొడవైంది. రెండు చుట్లు కోసి నాలో పెట్టాడు.

అప్పుడు మిషను మీద ఒక రవిక ఉంది. గులాబీ రంగు. తనకోసమే కుట్టుకుంటోంది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి ఇద్దరూ వెళ్ళాలని, ఆ రవిక వేసుకోవాలని అనుకుంది. ఒక చెయ్యి కుట్టింది. ఒకటి మిగిలింది.

మర్నాడు మిషను ముందు కూర్చుని తొక్కింది. గుడ్డ జారిపోయింది. కుట్టు పడలేదు.

"మిషనుకేమైందో చూడయ్యా. బట్టను పట్టుకోల్యాకుండాది."

"దాని స్ప్రింగు పోయింది. బజార్లో తెచ్చి వేస్తాలే."

"ఎప్పుడు?"

"రేపు."

స్ప్రింగు ఎక్కడికి పోయిందో చెప్పలేదు. ఆ రేపు రాలేదు. స్ప్రింగు దొరికే దుకాణం వాళ్ళ వీధి మలుపులోనే ఉంది. ఆయన నన్ను పోలీసుల ఫైరింగు మైదానానికి తీసుకుపోయాడు.

పాత స్నేహితులు నన్ను చూడగానే నవ్వారు. "కంబగిరన్నా, కాల్చొద్దులే. ఇసిరి కొట్టు. అట్లయితే తగుల్తాది."

ఆరు గుళ్ళు పెట్టాడు. ఆరూ పేలాయి. మళ్ళీ ఆరు. అవీ పేలాయి. ఎవరూ నవ్వలేదు. కంబగిరి నన్ను అరచేతిలో పెట్టుకుని తుడిచాడు. నా బతుకంతటికీ అదొక్క రోజు.

శ్రావణం వచ్చింది. "రవిక అయినంక పోదాంలే" అంది సుంకులమ్మ. శ్రావణం పోయింది. వీధివాళ్ళు గుడ్డలు ఇంకో చోటికి తీసుకుపోయారు. మిషను మీద దుప్పటి కప్పింది.

దసరాకు పీట వేసి, ఆమె దుప్పటి తీసి మిషనుకు బొట్టు పెట్టింది. కంబగిరి నన్ను తెచ్చి పీట మీద పెట్టాడు. ఊరుకోలేకపోయాడు.

"మే, ఇప్పుడిది ఆరుకు ఆరు పేలుతాంది తెలుసా!"

"ఏం ఏసినావు దాంట్లో?"

ఆయన కళ్ళు మిషను మీదికి పోయాయి. ఆమె మిషను వైపు చూసింది. నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుంకుమ గిన్నె తీసుకుని వచ్చి నా కుక్క బొమ్మ పైన వేలితో అద్దింది.

"దీనికీ నేనే పెడతా. నా మిషను దీంట్లోనే కదా ఉండేది."

కంబగిరి నవ్వాడు. ఆమె నవ్వలేదు. నేను మాత్రం గెలిచాను అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె స్ప్రింగు మాట ఎత్తలేదు. ఆయన తేలేదు. ఆషాఢం నుంచి పది నెలలు ఆయన కాళ్ళు మలుపులో దుకాణం దాకా పోలేదు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం నీళ్ళు తోడుతూ గుండె పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రికి పోయేసరికి అయిపోయింది.

ఇక ఆయన నావాడు. అలాగే అనుకున్నాను. సిగ్గుపడను.

కర్మ అయిపోయిన మర్నాడు కంబగిరి నన్ను బల్ల మీదికి తెచ్చాడు. ఆయన వేళ్ళు తగలగానే పొంగిపోయాను. నన్ను విప్పి ఆ ఒక్క స్ప్రింగు తీశాడు. మళ్ళీ బిగించను కూడా లేదు. మిగతా ముక్కలు అలాగే వదిలి లోపలికి వెళ్ళాడు.

ఇప్పుడు కూడా మలుపులో కొత్తది దొరుకుతుంది. ఆయనకు కొత్తది అక్కర్లేదు. ఆమెదే ఆమెకు పెట్టాడు. అది రెండు చుట్లు పొట్టిదైపోయింది కదా. పాదం దిగేది గాని గుడ్డను గట్టిగా పట్టేది కాదు. తుపాకులు బాగుచేసిన చేతులతో ఆ గులాబీ రవికకు రెండో చెయ్యి కుట్టాడు. కుట్టు వంకరగా పోయింది. విప్పాడు. కుట్టాడు. వంకరగా పోయింది. నాలుగు రోజులు అంతే. బల్ల మీద ముక్కలుగా పడి ఉండి ఆ చప్పుడంతా విన్నాను.

ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సున్నవాళ్ళందరూ తుపాకులు స్టేషనులో అప్పగించాలి. కంబగిరి నన్ను బిగించి, ఆ ఒక్క చోటు ఖాళీగా వదిలి, సంచిలో వేసుకుని వచ్చాడు. కానిస్టేబులు మద్దిలేటి చీటీ కట్టి బీరువాలో పెట్టాడు. అక్కడ నా చుట్టూ అసలు తుపాకులు ఉన్నాయి, సింహాలున్నవి. ఓట్లు లెక్కపెట్టడం అయిపోయాక వాటి యజమానులు వచ్చి ఒక్కొక్కదాన్ని తుడుచుకుంటూ తీసుకుపోయారు. నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

మూడు ఉత్తరాలు రాశాక మద్దిలేటి స్వయంగా ఆ ఇంటికి వెళ్ళాడు. తిరిగి వచ్చి ఎస్సైతో చెప్పాడు.

"తీస్కపోడంట సార్. లైసెన్సు గూడా వాపసు ఇస్తాడంట. నేను పోయినప్పుడు మిషను తొక్కుతాండాడు."

"ఏం కుడుతున్నాడు?"

"ఏం లేదు సార్. గుడ్డ లేదు, దారం లేదు. ఊరికే తొక్కుతాండాడు. ఏందన్నా ఇది అని అడిగితే, 'చప్పుడు సరిగ్గా లేదు మద్దిలేటీ, ఆమె తొక్కితే ఇట్లుండదు' అన్నాడు."

అది రెండేళ్ళ కిందటి మాట. నాకు తుప్పు పట్టింది. ట్రిగ్గరు నొక్కితే వెనక్కి రాదు. పది నెలలు దుకాణానికి పోనివాణ్ణి నేను క్షమించను. చచ్చిపోయాక కూడా ఆయన్ని వదలని ఆమెనూ క్షమించను. ఇక్కడ నాకు చీటీ మీద ఒక నంబరు ఉంది. తాళం తీసినప్పుడల్లా ఆ నంబరు చదివి మళ్ళీ మూస్తారు.

సవతి అని పిలిచింది ఆమె ఒక్కతే.